కావలి వైపు చెరువుల ప్లాస్టిక్‌తో రీసైక్లింగ్ యూనిట్ పెడదామనుకుంటున్నా. పెట్టొచ్చా, వద్దా?

చెరువుగట్టు (కావలి)

అందరికీ నమస్తే. ఎనిమిదేళ్ళు చెన్నైలో ప్లాస్టిక్ మౌల్డింగ్ కంపెనీలో చేశాను. నాన్నకి ఒంట్లో బాగాలేక పోయినేడు ఊరికొచ్చేశాను. హైవేకి దగ్గర్లో మామగారి మెట్ట నేల కొంచెం ఖాళీగా ఉంది.

మా చుట్టూ అన్నీ రొయ్యల చెరువులే. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక వరి పండే పొలాలు కూడా చెరువులైపోయాయి. అడుగున పరిచే నల్ల హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథీన్) షీటు కొన్నేళ్ళకి ఎండకి పెళుసెక్కి చిరిగిపోతుంది. కొత్తది వేసి పాతది గట్టు మీద చుట్టి పడేస్తారు. మేత సంచులు, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల విరిగిన రెక్కలు, ఫ్లోట్లు, పైపు ముక్కలు సరేసరి. మొన్న సాయంత్రం ఒకాయన గట్టు మీద అవన్నీ పోగేసి తగలబెట్టాడు. ఆ పొగలో బండి మీద వస్తుంటే కళ్ళు మండాయి. చెన్నైలో ఇదే సరుకుని మేం కిలోల లెక్కన డబ్బు పెట్టి కొనేవాళ్ళం.

గ్రైండరు, కడిగే టబ్బు, గుళికలు తీసే ఎక్స్‌ట్రూడరు పెట్టి ఒక చిన్న యూనిట్ నడపాలని ఆలోచన. మా ఆవిడ మాత్రం "నెల జీతం వదులుకుని చెత్త ఏరుకుంటావా" అంటోంది. అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి. బ్యాంకు లోను సంగతి తర్వాత, అసలు పని నిలబడుతుందా?

పాతసామాను (నెల్లూరు)

తమ్ముడూ, మా నాన్న పెట్టిన పాత సామాన్ల కొట్టు నేను నడుపుతున్నా. ముప్పై ఏళ్ళ పైమాట. నువ్వు మిషను నుంచి మొదలెట్టావు. మిషను ఆఖర్న రావాల. ముందు సరుకు.

ఈ వ్యాపారంలో డబ్బంతా విడదీయడంలోనే ఉండాది. అన్నీ కలిపి మూట కట్టి తెస్తే ఒక రేటు, రకానికి రకం విడగొట్టి తెస్తే ఇంకో రేటు. వీధిలో ఏరే మనిషి దగ్గర్నుంచి నా కొట్టుకి, ఇక్కణ్ణుంచి పెద్ద గోడౌనుకి, అక్కణ్ణుంచి చెన్నైకో హైదరాబాదుకో పోతుంది. ప్రతి మెట్టు మీదా ఎవరో ఒకరు కూర్చుని విడగొడతానే ఉంటారు. ఆ కూలే ఆ మెట్టు లాభం. ఊళ్ళో చదువుకోని ఆడోళ్ళు ఎంతమంది ఈ పని మీద ఇల్లు గడుపుకుంటా ఉండారో ఏ ఆఫీసులోనూ లెక్కుండదు.

విడగొట్టడం ఎట్లాగంటే, బక్కెట్లో నీళ్ళు పోసి ముక్క వెయ్యి. పాలిథీన్, పీపీ (పాలీప్రొపిలీన్) తేలతాయి. నీళ్ళ బాటిలు ముక్క, పీవీసీ పైపు ముక్క మునుగుతాయి. తేలే రెండింటినీ మళ్ళీ వేరు చెయ్యడమే చిక్కు. నీ షీటు హెచ్‌డీపీఈ. మేత సంచి అల్లిన పీపీ. రెండూ కలిపి కరిగిస్తే గుళిక వస్తుంది గానీ దాంతో చేసిన బక్కెట్టు చెయ్యి తగిలితే పగులుద్ది. ఇది నీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది.

ఇంకోటి. కొట్టుకి వచ్చే జనాన్ని తూకంలో మోసం చెయ్యబాక. ఒక్కసారి పేరు పోతే సరుకు పక్క కొట్టుకి పోతుంది.

గుండ్లకమ్మ_ఒడ్డు (మద్దిపాడు)

ఈ విషయంలో ఎవరూ చెప్పని మాట నేను చెబుతాను. రీసైక్లింగ్ అనగానే పుణ్యకార్యం అనుకోకండి.

కొన్నేళ్ళ క్రితం మా ఊరి బయట తోటల్లో ఒక షెడ్డు లేచింది. బోర్డు లేదు. పగలు తాళం, రాత్రిళ్ళు పొగ. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్ళు. యాసిడ్ తీసుకెళ్ళి వాగులో పోసేవాళ్ళు. వాగు పక్కన గడ్డి మేసిన గేదెలు రెండు చచ్చిపోయాకే ఊరికి కళ్ళు తెరుచుకున్నాయి. గొడవ చేస్తే రాత్రికి రాత్రే సర్దుకుని పోయారు. ఆ మట్టి మాత్రం అక్కడే ఉంది. సీసం పిల్లల మెదడుకి ఎంత చెరుపో డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. మా పిల్లలు అటు ఆడుకోవడానికి వెళ్తే ఇప్పటికీ గదమాయిస్తాం.

నిజానికి బ్యాటరీ సీసం దాదాపు పూర్తిగా తిరిగి వాడుకోదగ్గ సరుకే. అనుమతి ఉన్న ఫ్యాక్టరీలో అయితే యాసిడ్‌ని విరిచి, పొగని ఫిల్టర్ సంచుల్లోంచి పంపి, సీసం ముద్దలు తీస్తారు. 2022లో బ్యాటరీ వ్యర్థాల నియమాలు వచ్చాయి. బ్యాటరీలు తయారుచేసి అమ్మే కంపెనీలే పాతవాటిని వెనక్కి తీసుకోవాలని అందులో ఉంది. కానీ ఆ ఫిల్టర్ ఖర్చు పెట్టనివాడు కిలోకి రెండు రూపాయలు ఎక్కువిస్తాడు. సరుకు ఎటు పోతుందో మీరే చెప్పండి.

పాతసామాను (నెల్లూరు)

నిజమే అన్నా. కాదనను. నా దగ్గరకీ వస్తారు అట్లాంటోళ్ళు. రాగి వైర్లు కూడా అంతే. పైన ప్లాస్టిక్కు కాల్చి రాగి తీస్తారు, ఆ పొగ విషం. వైరు చీల్చే చిన్న మిషను కొనుక్కున్నాక నేనైతే కాల్చిన రాగి కొనడం మానేశా. చీల్చిన రాగి తళతళా ఉంటుంది, రేటూ ఎక్కువ పలుకుతుంది. మంచితనం అనుకోబాకండి, లెక్కే.

లెక్కల_మాస్టారు (ఒంగోలు)

రిటైరయ్యాను కాబట్టి సమయం దొరికింది, కొంచెం పొడుగ్గా రాస్తాను, విసుక్కోకండి.

అసలు మేలు ఎక్కడుందో ఒక అల్యూమినియం గిన్నెతో చెబుతాను. నాలుగు టన్నుల పైచిలుకు బాక్సైట్ ఖనిజం తవ్వితే రెండు టన్నుల అల్యూమినా పొడి వస్తుంది, అందులోంచి ఒక టన్ను లోహం వస్తుంది. అల్యూమినా నుంచి లోహాన్ని విడదీయడానికే కిలోకి దాదాపు 14 యూనిట్ల కరెంటు కావాలి. ఒక కిలో లోహానికి పెట్టిన కరెంటుతో మామూలు ఇల్లు రెండు మూడు రోజులు గడుస్తుంది. అదే మన వంటింట్లో సొట్టలు పడ్డ గిన్నెని కరిగిస్తే 95 శాతం శక్తి మిగులుతుంది. ఎన్నిసార్లు కరిగించినా లోహం గుణం పోదు. మా అమ్మ వాడిన చెంబు ఇవాళ ఏ కిటికీ చట్రంలో ఉందో!

ఇనుము సంగతి. కేంద్ర ఉక్కు శాఖ 2019లో తుక్కు మీద ఒక విధానం ప్రకటించింది. ఒక టన్ను తుక్కు వాడితే 1.1 టన్నుల ఇనుప ఖనిజం, 630 కిలోల కోకింగ్ బొగ్గు, 55 కిలోల సున్నపురాయి ఆదా అవుతాయని అందులో రాశారు. కోకింగ్ బొగ్గులో ఎక్కువ భాగం మనం బయటి దేశాల నుంచే తెచ్చుకుంటున్నాం. అంటే పాత ఇనప మంచం అమ్మితే ఆ మేరకు డాలర్లు మిగులుతున్నట్టే. విచిత్రం ఏమిటంటే తుక్కు కూడా చాలక దిగుమతి చేసుకుంటున్నాం. మనింటి పెరట్లో తుప్పు పట్టి మట్టిలో కలిసిపోయేది ఓడెక్కి వేరే దేశం నుంచి వస్తోంది.

ప్లాస్టిక్ దగ్గరికొస్తే ఈ లెక్క ఇంత ముచ్చటగా ఉండదు. కరిగించిన ప్రతిసారీ దాని అణువుల గొలుసులు తెగి బలం తగ్గుతుంది. నీళ్ళ బాటిలు దారమై దుప్పట్లోకో దిండులోకో వెళుతుంది, మళ్ళీ బాటిలు కావడం తక్కువ. చెరువుగట్టు గారు పెట్టబోయేది ఈ రకం కాబట్టి ముందే చెబుతున్నా.

ఊరికే_చదివేవాడు (ఊరు చెప్పను)

మాస్టారూ, మా వీధిలో మైకు కట్టిన ఆటో వస్తుంది. "పాత ప్లాస్టిక్, పాత ఇనుము, పాత కూలర్లకు ఉల్లిపాయలు ఇస్తాం" అని. మా అమ్మ నా సైకిల్ ఇచ్చేసి ఉల్లిపాయలు తీసుకుంది. డాలర్లు మిగిలాయేమో గానీ నా సైకిల్ పోయింది.

గెలాక్సీ_రాయి (చీమకుర్తి)

😄 సైకిల్‌కి ఎన్ని కిలోలు ఇచ్చారో చెప్పలేదు.

మా వైపు సంగతి వేరు. చీమకుర్తి, రామతీర్థం వైపు వచ్చినవాళ్ళకి దూరం నుంచే కొండలు కనిపిస్తాయి. అవి దేవుడు పెట్టిన కొండలు కావు, క్వారీల్లోంచి తీసి పోసిన వేస్టు రాయి. నల్ల రాయిలో బంగారపు చుక్కలున్న గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా వెళుతుంది. కానీ చీలిక లేని పెద్ద దిమ్మ వస్తేనే ఎగుమతి. చిన్న పగులున్నా పక్కన పడేస్తారు. అందులోనూ అవే బంగారపు చుక్కలు! రాయికి తెలియదు కదా తను వేస్టని.

మా మామయ్య పదిహేనేళ్ళ క్రితం ఆ ముక్కల్ని చిన్న మిషను మీద కోసి గడపలకి, మెట్లకి, వంటింటి గట్లకి అమ్మడం మొదలెట్టాడు. నవ్వారు అందరూ. ఇప్పుడు అలాంటి చిన్న యూనిట్లు బోలెడు. ఇంకా చిన్న ముక్కలు క్రషర్‌కి పోయి కంకర, రోబో శాండ్ అవుతున్నాయి. ఏట్లో తవ్వే ఇసుక ఆ మేరకు మిగిలినట్టే.

ఇంతవరకూ బాగుంది. రాయి కోసేటప్పుడు నీళ్ళతో కలిసి వచ్చే బూడిద రంగు బురద ఉంది చూశారూ, అదే ఎవరికీ పట్టనిది. ట్యాంకర్లలో తీసుకెళ్ళి రోడ్డు పక్కనో, చెరువు పోరంబోకులోనో వంచేస్తారు. ఎండితే పిండిలా లేచి పొలాల మీద పడుతుంది. ఆకు మీద పొర కట్టిందంటే ఇక పైరు ఊపిరాడదు. దాన్ని ఇటుకల్లో, సిమెంటు దిమ్మల్లో కొంత కలపొచ్చని ఇంజనీరింగ్ కాలేజీల్లో పరీక్షలు చేస్తూనే ఉన్నారు. కలిపేవాళ్ళే తక్కువ, ఎందుకంటే వంచేయడం ఊరికే అవుతోంది. ఊరికే అయ్యే పని ఉన్నంతకాలం డబ్బు పెట్టి ఎవడు చేస్తాడు?

ఇటుకబట్టీ_వద్దు (ముత్తుకూరు)

పై ప్రశ్నకి మా దగ్గర ఒక రకంగా జవాబు దొరికింది. నేలటూరు దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. మన దేశపు బొగ్గు నూరు పాళ్ళు కాలిస్తే ముప్పై నలభై పాళ్ళు బూడిదే. ఎన్ని లారీలో ఊహించుకోండి.

అప్పట్లో బూడిద అంటే గోల. ఇప్పుడు దాని కోసం లారీలు క్యూ కడుతున్నాయి. కారణం రూలు. 2021 డిసెంబరు 31న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ కేంద్రాలు బూడిదంతా ఏదో ఒక పనికి వినియోగమయ్యేలా చూడాలి, లేకపోతే మిగిలిన టన్నుకి వెయ్యి రూపాయల చొప్పున జరిమానా. దాంతో వంచేయడం ఊరికే కాకుండా పోయింది. సిమెంటు కంపెనీలు పీపీసీ అనే రకం సిమెంటులో 35 శాతం దాకా బూడిదే కలుపుతాయి. మేం ఇటుకలు చేస్తాం. వీటికి పొలం పైమట్టి తవ్వనక్కర్లేదు, బట్టీ కాల్చనక్కర్లేదు. నీళ్ళు పట్టి ఆరబెడితే చాలు.

మా యూనిట్లో పద్నాలుగు మంది పని చేస్తారు. సగం మంది ఒకప్పుడు మట్టి ఇటుకల బట్టీలో చేసినవాళ్ళే. వాళ్ళనడిగితే ముందు చెప్పేది వేడి లేదనే. తర్వాత దుమ్ము గురించి చెబుతారు. అవును, దుమ్ము ఉంది. టార్పాలిన్ కప్పకుండా వచ్చే లారీలతో ఊరివాళ్ళకీ మాకూ తగాదాలు తప్పడం లేదు.

సంఘం_లీడరు (పొదిలి వైపు)

నేను డ్వాక్రా సంఘం నుంచి రాస్తున్నాను. మా పంచాయతీలో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం కట్టారు. షెడ్డు, తొట్లు, బోర్డు అన్నీ బాగున్నాయి. రెండేళ్ళు తాళం వేసుంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే నెల పట్టింది.

మేం అయిదుగురం పట్టుబట్టి తెరిపించాం. గ్రీన్ అంబాసిడర్లు ఇంటింటికీ తిరిగి తెచ్చేది తడి, పొడి కలిపే వస్తుంది. అన్నం, శానిటరీ ప్యాడ్లు, బ్లేడు, పాల కవరు, అన్నీ ఒకే సంచిలో. పాతసామాను అన్న చెప్పిన విడదీయడం అక్కడ కూర్చుని చేతులతో చేస్తే తెలుస్తుంది. ఒకావిడకి సిరంజి సూది గుచ్చుకుంటే టీటీ ఇంజెక్షన్ వేయించి రాత్రంతా టెన్షన్ పడ్డాం. అప్పటి నుంచి గ్లవ్స్ లేకుండా ఎవరినీ కూర్చోనివ్వను.

వర్మీ కంపోస్టు మాత్రం బాగా వస్తోంది. నిమ్మ, మిరప రైతులు తీసుకుంటారు. డబ్బు పెద్దగా మిగలదు. అయితే మునుపు ఊరి చివర గుంటలో తడి చెత్త కుళ్ళి మంట పెట్టకుండానే పొగ వచ్చేది, ఇప్పుడు రావడం లేదు. మా అబ్బాయి చెప్పాడు, అలా కుళ్ళితే కంటికి కనబడని మీథేన్ కూడా వస్తుందట, భూమి వేడెక్కడంలో బొగ్గుపులుసు వాయువు కన్నా ఎన్నో రెట్లు చెరుపట.

మూడో శనివారం స్వచ్ఛ ఆంధ్ర రోజు ఫొటోలకి చాలామంది వస్తారు. నాలుగో శనివారం మేం అయిదుగురమే.

లెడ్జరు (నెల్లూరు)

చెరువుగట్టు గారూ, కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతా. ప్లాస్టిక్ తుక్కు మీద జీఎస్టీ 2021 అక్టోబరు 1 నుంచి 5 శాతం కాస్తా 18 శాతం అయింది. మీరు చెరువు రైతు దగ్గరో ఏరేవాళ్ళ దగ్గరో కొంటే బిల్లుండదు. బిల్లు లేకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని అమ్మేటప్పటి పన్నులో తగ్గించుకోవడం) లేదు. అమ్మేటప్పుడు మాత్రం పద్దెనిమిది వేయాల్సిందే. అందుకే చాలామంది బిల్లు లేకుండా నడుపుతారు, అదే వాళ్ళని ఎప్పటికీ చిన్నగా ఉంచేస్తుంది. లోహపు తుక్కుకైతే 2024 అక్టోబరు 10 నుంచి రివర్స్ ఛార్జ్ (అమ్మేవాడి బదులు కొనేవాడే పన్ను కట్టడం) వచ్చింది, అది మీకు వర్తించదు.

కడగడం, కరిగించడం పెడితే కాలుష్య నియంత్రణ మండలి నుంచి షెడ్డు కట్టేముందు ఒక అనుమతి, నడిపేముందు ఇంకొకటి తప్పనిసరి. విసుగే, కానీ దాని వల్ల లాభం కూడా ఉంది. ప్యాకింగ్‌కి ప్లాస్టిక్ వాడే కంపెనీలు అందులో నిర్ణీత శాతం రీసైకిల్ చేయించినట్టు చూపాలని 2022 ఫిబ్రవరిలో రూలు వచ్చింది. అందుకోసం వాళ్ళు రిజిస్టరైన రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్లు కొంటారు. గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో 2025-26 నుంచి 30 శాతం, 2028-29 కల్లా 60 శాతం పాత ప్లాస్టిక్ ఉండాలని అందులోనే ఉంది. కాబట్టి మంచి గుళికకి గిరాకీ పెరిగేదే గానీ తగ్గేది కాదు. చెరువు షీటు ఈ ప్యాకింగ్ లెక్కలోకి వస్తుందో రాదో మాత్రం సరుకు కొనేముందే మండలి ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

రొయ్యతల (నెల్లూరు రూరల్)

చెరువుల దగ్గర ప్లాస్టిక్ ఒక్కటే కాదండీ. ప్రాసెసింగ్ ప్లాంటులో తల, డొప్ప ఒలిచేస్తే రొయ్య బరువులో ఇంచుమించు నలభై శాతం పక్కకి పోతుంది. నేను చేసే చోట పూర్వం దాన్ని గుంటలో పూడ్చేవాళ్ళు. ఆ వాసన చీరకి పట్టుకుంటే ఉతికినా పోదు, బస్సులో పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఇప్పుడు రోజూ వ్యాను వచ్చి తీసుకెళ్తుంది. డొప్పలోంచి కైటిన్, దాన్నుంచి కైటోసాన్ తీస్తారు. మందుల్లో, నీళ్ళు శుద్ధి చేయడంలో వాడతారట. గంటలు గడిస్తే పాడైపోతుంది కాబట్టి వ్యాను ఆలస్యమైతే సూపర్‌వైజర్ పరుగులు చూడాలి. ఒకప్పుడు అదే డొప్ప ఎటు పోతుందో ఆయన తిరిగి కూడా చూసేవాడు కాదు.

చెరువుగట్టు (కావలి)

అందరికీ ధన్యవాదాలు. మూడు వారాలు తిరిగి వచ్చి రాస్తున్నాను.

మేత సంచుల మీద నా లెక్క పూర్తిగా తప్పింది. అవి దొరకవు! పాతిక కిలోల సంచి ఖాళీ అయితే వడ్లకి, ఎరువుకి, గండి పడితే ఇసుక నింపడానికి, చివరికి కోళ్ళ గూటికి అడ్డంగా కూడా వాడుతున్నారు. మా మామగారు "సంచిని కరిగించి మళ్ళీ సంచి చేస్తావా, ఉన్న సంచికి ఏమొచ్చింది" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. పూర్తిగా చిరిగినవి మాత్రమే నాకు మిగులుతాయి.

షీట్లు దండిగా ఉన్నాయి. ఎత్తి చూస్తే బరువులో చాలా భాగం బురద, ఉప్పు. పాతసామాను అన్న చెప్పినట్టు కాటా మీద పెట్టి, ఒక ముక్క కడిగి ఆరబెట్టి మళ్ళీ తూచాను. వంద రూపాయల సరుకని కొంటే ముప్పై రూపాయలు మట్టికి ఇస్తున్నట్టు తేలింది. పైగా ఉప్పు మిషను బ్లేడ్లని తినేస్తుంది, కడిగిన ఉప్పు నీళ్ళు పక్క పొలంలోకి వదిలితే గుండ్లకమ్మ అన్న చెప్పిన షెడ్డువాడికీ నాకూ తేడా ఏముంది?

అందుకని ఎక్స్‌ట్రూడరు పక్కన పెట్టేశాను. గట్టు మీదే షీటు దులిపి, ఎండలో ఆరబెట్టి, ముక్కలు కోసి ఇస్తే కిలోకి కాస్త ఎక్కువిస్తానని రైతులకి చెప్పాను. నలుగురు ఒప్పుకున్నారు, అందులో ఆ రోజు తగలబెట్టినాయన ఒకరు. నేను బేలింగ్ ప్రెస్ ఒక్కటి పెట్టి, మూటలు కట్టి చెన్నైలో నేను చేసిన కంపెనీకే పంపుతాను. వాళ్ళకి నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు ఉంది. ఒక ఏడాది ఇలా నడిపి చూస్తాను.

పాతసామాను (నెల్లూరు)

మంచి పని చేశావబ్బయ్యా. మూట లోపల తడి ఉంటే కంపెనీవాడు తూకంలో కోత వేస్తాడు, వానాకాలం జాగ్రత్త. కాటాకి తూనికల శాఖ సీలు వేయించావా? విరిగిన ఏరియేటర్ రెక్కలు షీట్లలో కలపబాక, నా కొట్టుకి పంపు.

ఊరికే_చదివేవాడు (ఊరు చెప్పను)

మీ ఆవిడ ఏమన్నారు?

చెరువుగట్టు (కావలి)

లెక్కల పుస్తకం తనే రాస్తోంది. మట్టికి ముప్పై రూపాయలు ఇచ్చానని మొదటి పేజీలోనే ఎర్ర సిరాతో రాసి పెట్టింది. పాతసామాను అన్నా, సీలు సోమవారం వేయిస్తా.